తీసేసిన ఇల్లు చూపిన దారి

మా పై వాటాలో ఉండే వదిన ఆక్సిజన్ డిపోలో పనిచేస్తుంది. సిలిండర్లు మొయ్యదు. ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి బండి వెళ్ళాలో చెప్పే ప్రోగ్రాము ఆవిడే రాసింది, ఆవిడే దాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. "నాదీ కాపలా ఉద్యోగమే, కాకపోతే కుర్చీకి చక్రాలున్నాయి" అంటుంది.

డిపో అంటే పెద్ద రేకుల షెడ్డు. గోడవారన సిలిండర్లు, పడిపోకుండా నడుముకి గొలుసు కట్టి నిలబెట్టి ఉంటాయి. ఒక మూల అద్దాల గది. అందులో రెండు బల్లలు, ఒకటి వదినది, ఒకటి ఫోనక్కది. ఇళ్ళ నుంచి వచ్చే ఫోన్లన్నీ ఎత్తేది ఆవిడే కాబట్టి ఆవిడకి ఆ పేరు. అసలు పేరు జీతం ఇచ్చేవాడికి తెలుసేమో.

ఒకప్పుడు డ్రైవర్లకి పొద్దున్నే ఆ రోజు వెళ్ళాల్సిన ఇళ్ళన్నీ చెప్పేసేవారట. వాళ్ళూ మనుషులే కదా. నేలమీది ఇళ్ళు ముందు, మెట్లున్న ఇళ్ళు చివర. మూడో అంతస్తులో ఊపిరాడని మనిషి సాయంత్రం దాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి. గొడవలయ్యాయి. అప్పుడు యజమాని ఒక పద్ధతి పెట్టాడు. డ్రైవరు ఫోనులో ఒక్క ఇల్లే కనిపించాలి. అక్కడ పనయ్యాక ఖాళీ సిలిండరు బండెక్కించి 'తర్వాత' అని నొక్కితేనే ఇంకో ఇల్లు తెలియాలి.

ఆ పద్ధతికి సరిపోయేట్టు వదిన లింక్డ్ లిస్టు కట్టింది. అదేమిటో నేను ఆవిడ బట్టలు ఆరేస్తుంటే ఒకసారి, కూరగాయలు తరుగుతుంటే ఒకసారి అడిగి తెలుసుకున్నాను. ఇళ్ళన్నీ వరసలో నిలబడ్డ మనుషులనుకోండి. ఒక్కొక్కరూ తమ తర్వాతి వాళ్ళ వైపు వేలు చూపిస్తూ ఉంటారు. అంతే. ఎవరికీ వరస మొత్తం తెలియదు. మొదటివాణ్ణి పట్టుకుంటే వాడి వేలు రెండోవాణ్ణి చూపిస్తుంది, రెండోవాడి వేలు మూడోవాణ్ణి.

"మరి మధ్యలో ఒకణ్ణి తీసెయ్యాలంటే?" అన్నాను.

"వాణ్ణి ముట్టుకోను. వాడికి ముందున్నవాడి వేలు పట్టుకుని, వాడి వెనకున్నవాడి వైపు తిప్పేస్తాను. ఇంక మధ్యవాణ్ణి చూపించేవాళ్ళు లేరు. వరసలో లేనట్టే లెక్క."

"మరి వాడి వేలు?"

వదిన చేతిలో బట్టల క్లిప్పు అలాగే ఆగిపోయింది. "అదే. ఆ ప్రశ్న నేను ముందే వేసుకోవాల్సింది" అంది. దానివల్ల ఒక మధ్యాహ్నం ఏమైందో చెప్పింది.

వదిన మామగారు ప్రెస్సులో కంపోజిటరుగా చేసి మానేశాడు. సీసం అక్షరాలు పేర్చి పేర్చి కళ్ళు, ఆ గాలి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు రెండూ అరిగిపోయాయి. ముక్కులో గొట్టం లేకుండా పది అడుగులు కూడా వెయ్యలేడు. నోరు మాత్రం అరగలేదు. "పెళ్ళైన ఇన్నేళ్ళకి మీ అత్తయ్య నాకు ముక్కుతాడు వేసింది" అంటాడు ఆ గొట్టం చూపిస్తూ.

ఆ మధ్యాహ్నం ఆయన పెద్ద సిలిండరు రెగ్యులేటరు దగ్గర లీకైంది. సన్నగా బుస్సుమంటుంటే అత్తయ్య పక్కింటి కుక్కరేమో అనుకుంది. తీరా చూసేసరికి మీటరు ముల్లు అడుగున పడుకుంది. ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు తగిలించి డిపోకి ఫోను చేసింది. కోడలికి కాదు, డిపోకి. అది వదిన పెట్టిన నియమమే. సొంతింటిని ముందుకు జరుపుకుంటోందని డ్రైవర్లు ఒక్క మాట అన్నా పడలేనని, అందరిలాగే ఫోనక్కకే చెయ్యమంది.

ఆ పూట ఆ వైపు తిరుగుతున్నది ఒక్కటే బండి. రెండోది గ్యాసు నింపే ప్లాంటు దగ్గరుంది. ఉన్న బండి నడిపేది నిదానం బాబాయి. ఆయన తొందరపడగా చూసినవాళ్ళు లేరు.

సరిగ్గా అప్పుడు బాబాయి మూడో అంతస్తు ఇంట్లో ఉన్నాడు. డిపోలో ఇళ్ళని గుర్తులతోనే పిలుస్తారు. నీలం గేటు ఇల్లు, దాని తర్వాత మూడో అంతస్తు ఇల్లు, దాని తర్వాత కుక్క ఇల్లు, తర్వాత కుట్టుమిషను ఇల్లు, ఆపైన ఇంకా బోలెడు. మూడో అంతస్తు ముసలమ్మని కూతురు తన దగ్గరికి తీసుకుపోతోంది. సిలిండరు అక్కర్లేదు, తీసుకుపొమ్మన్నారు. బాబాయి దాన్ని భుజాన వేసుకుని మెట్లు దిగుతుండగానే ఆ ఇంటివాళ్ళు ఫోను చేసి చెబితే, ఫోనక్క ఆ ఇంటిని వరసలోంచి తీసేసింది. నీలం గేటు వేలు కుక్క ఇంటి వైపు తిరిగింది.

వెంటనే అత్తయ్య ఫోను. ఫోనక్క ఇది అర్జంటని కంపోజిటరుగారి ఇంటిని కుక్క ఇంటికి ముందు పెట్టింది. నీలం గేటు వేలు ఇప్పుడు కంపోజిటరుగారిని, ఆయన వేలు కుక్క ఇంటిని చూపిస్తున్నాయి. తెర మీద అంతా సవ్యంగా ఉంది.

"మీవాళ్ళ ఇల్లే తర్వాతది. కంగారుపడకు" అంది ఫోనక్క, వదిన వైపు తిరిగి.

వదిన తెర వైపు చూసింది. బండి ఉన్న ఇంటి మీద ఎప్పుడూ ఒక పసుపు గీత ఉంటుంది. ఇప్పుడు ఎక్కడా లేదు.

"అక్కా, గీత ఏది?"

"దారిలో ఉన్నాడేమోనే."

"దారిలో ఉన్నా వెళ్ళే ఇంటి మీద ఉండాలి కదా."

"నువ్వు రాసిందేగా, నన్నడుగుతావేంటి" అని ఫోనక్క ఇంకో ఫోను ఎత్తింది.

వదిన బాబాయికి చేసింది. ఎత్తలేదు. సిలిండర్లున్న బండి మీద పనిచేసినంతసేపూ ఫోను నోరు మూయించి, ముందు అరలో పడెయ్యాలని రూలు. రూలంటే బాబాయికి వేదవాక్కు.

కాసేపటికి పసుపు గీత కనిపించింది. కంపోజిటరుగారి ఇంటి మీద కాదు. దానికి కింద, కుక్క ఇంటి మీద.

ఫోనక్క ఊపిరి పీల్చుకుంది. "చూశావా, మీ ఇంట్లో ఇచ్చేసి తర్వాతి ఇంటికి వెళ్ళాడు." గీతకి పైనున్నవన్నీ పనైపోయిన ఇళ్ళని ఆ గదిలో అందరి లెక్క. ఇంకాసేపటికి ఫోను మోగితే ఆ లెక్కతోనే చెప్పింది. "ఇచ్చేశారుగా పిన్నిగారూ, బండి మీ ఇంటికి వచ్చి వెళ్ళింది."

అవతల అత్తయ్య గొంతు వదినకి కూడా వినిపించింది.

"ఏ బండి? ఎవరింటికి వచ్చింది? నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. చిన్నదీ అయిపోవచ్చింది. ఆయన మాట్లాడటం మానేశాడమ్మా. ఆయన మాట్లాడటం మానెయ్యడం నువ్వెప్పుడైనా విన్నావా?"

వదిన ఫోను లాక్కుంది. "అత్తయ్యా, ఆయన్ని పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి ముందుకి వంచి, దిండు మీద చేతులు ఆనించండి. కిటికీ తియ్యండి."

"నువ్వా? బండేదే?"

"పంపిస్తున్నాను."

ఫోనక్క అప్పటికే ఇంకో ఫోనులో అంబులెన్సుకి చెబుతోంది. బయల్దేరుతుంది గానీ ఊరికి అవతలి కొస నుంచి రావాలన్నారు. కుక్క ఇల్లేమో వదిన ఇంటికి రెండు వీధుల దూరం.

అప్పుడు వెలిగింది వదినకి. మూడో అంతస్తు ఇంటిని వరసలోంచి తీసేశారు. కానీ అప్పటికి బాబాయి ఇంకా ఆ ఇంటి దగ్గరే ఉన్నాడు. బండి ఎక్కడుందో ప్రోగ్రాము విడిగా గుర్తుపెట్టుకుంటుంది, అది మారలేదు. తీసేసిన ఇంటిని చూపించే వేలు లేదు గానీ, ఆ ఇంటి వేలు ఇంకా చాచే ఉంది, పాత దారిలో, కుక్క ఇంటి వైపు. ఆయన 'తర్వాత' నొక్కాడు. అది చూపించిన చోటికి వెళ్ళాడు. మధ్యలో కొత్తగా చేరిన ఇంటి సంగతి ఆ వేలికి ఎలా తెలుస్తుంది? డిపోలో కూర్చుని మొదటి నుంచి చూసేవాళ్ళకి కనిపించే ఇల్లు, దారిలో ఉన్నవాడికి లేనే లేదు.

"అక్కా, కుక్క ఇంటికి ఫోను కలుపు. ఆయన్ని ఆపమను."

"నువ్వేం చేస్తావ్?"

"బాబాయి ఇప్పుడు వరసలో ఉన్న ఇంట్లోనే ఉన్నాడు. మా ఇంటిని దాని వెనక్కి తెస్తాను. నొక్కితే మా ఇల్లే రావాలి."

"ఆయన నొక్కేశాడంటే?"

నొక్కితే కుట్టుమిషను ఇల్లు వస్తుంది. అది ఊరవతల.

ఫోనక్క కలిపింది. కుక్క మొరుగుడు ముందు వినిపించింది, తర్వాత ఇంటావిడ. "మీ డ్రైవరా? ఇప్పుడే వెళ్ళాడండీ, మంచినీళ్ళు కూడా తాగలేదు. మా వాడు కట్టు తెంపుకున్నాడు, పాపం పరుగు తీశాడు."

జన్మలో ఒక్కసారి నిదానం బాబాయి తొందరపడ్డాడు, అదీ ఈ పూటే.

"పిలవండి, బండి దగ్గరే ఉంటాడు!" అని ఫోనక్క అరిచింది. "తొందరగా కానీయవే, నువ్వు కూడా!"

"తొందరపడితే అందరూ పోతారక్కా."

అది నిజమే. కుక్క ఇంటి వేలుని ముందుగా మామగారి వైపు తిప్పేస్తే, కుట్టుమిషను ఇంటిని చూపించే వేలు ఇంక ఒక్కటీ ఉండదు. దాని వెనకున్న ఇళ్ళన్నీ దాంతోపాటే గాలికి కొట్టుకుపోతాయి. ఆ ఇళ్ళలోనూ ఎవరో ఒకరు ముల్లు వైపు చూస్తూ కూర్చున్నవాళ్ళే. కాబట్టి ముందు నీలం గేటు వేలు కుక్క ఇంటి వైపు తిప్పి మామగారిని బయటికి తీసింది. తర్వాత మామగారి వేలు కుట్టుమిషను ఇంటి వైపు. అది పడిందో లేదో ఇంకోసారి చూసుకుంది. ఆ చూసుకోవడమే చాలా కష్టమైందని చెప్పింది నాతో. ఫోనులో కుక్క, వెనకాల ఫోనక్క, చెవిలో అత్తయ్య మాట. అన్నీ పక్కన పెట్టి వేలు సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఆఖర్న కుక్క ఇంటి వేలు మామగారి వైపు.

గీత ఇంకా కుక్క ఇంటి మీదే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

గీత కదిలింది. కంపోజిటరుగారి ఇంటి మీద ఆగింది.

ఫోనక్క కుర్చీలో కూలబడి, "అమ్మా" అంది, ఎవరిని పిలిచిందో మరి.

బాబాయి వెళ్ళేసరికి ఆయన పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. బాబాయి చెప్పులు కూడా విప్పకుండా లోపలికి నడిచి, కొత్త సిలిండరు దింపి, రెగ్యులేటరు బిగించి, గొట్టం చేతికిచ్చి అక్కడే నేలమీద కూర్చుండిపోయాడట. అంబులెన్సువాళ్ళు తర్వాత వచ్చి చూసి, ఆస్పత్రికి వద్దు, ఇలాగే ఉంచమన్నారు.

సాయంత్రం వదిన ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుంది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు. ఆగి ఆగి అన్నాడు.

"ఆ గీత పోయిందని... ఎందుకు కనిపెట్టావు?"

"మన ఇల్లని చూస్తూనే ఉన్నాను కదా మామయ్యా."

"మన ఇల్లు కాకపోతే?"

అత్తయ్య విసుక్కుంది. "నోరు తిరగ్గానే మొదలెట్టారూ? దానికి ముద్ద అయినా తిననివ్వరా?"

వదిన ముద్ద తినలేదు. మర్నాడు ముందుగా ప్రోగ్రాము సరిచేసింది. బండి నిలబడి ఉన్న ఇంటిని తీసెయ్యమంటే ఇప్పుడది తీసెయ్యదు. తీసెయ్యాలని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. బండి అక్కణ్ణించి కదిలాకే వేలు తిప్పుతుంది. ఆ పని చిన్నదే. తర్వాత పాత రోజులు తవ్వడం మొదలుపెట్టింది. బండి ఉండగానే ఇల్లు తీసేసి, ఆ వెంటనే ఇంకో ఇల్లు చేర్చింది ఎప్పుడెప్పుడు?

ఒకటి దొరికింది. ఆ రోజూ బండి బాబాయిదే. ఒక ఇల్లు వదిలేశాడని యజమాని అందరి ముందూ తిట్టాడు. "నాకు కనిపించలేదు బాబూ" అని ఆయన అన్నాడు. "నిద్రలో ఏం కనిపిస్తుంది" అని షెడ్డంతా నవ్వింది. వదినా నవ్వింది.

ముందు బాబాయి దగ్గరికి వెళ్ళింది. సిలిండర్లకి గొలుసు బిగిస్తున్నాడు. అందరూ వినేట్టే చెప్పింది, తప్పు ప్రోగ్రాముదని, అంటే తనదని. ఆయన గొలుసు వదలకుండా విన్నాడు. "నాకు చెప్పడం ఎందుకమ్మా, నేను బానే ఉన్నాను. ఆ ఇంటివాళ్ళని అడుగు" అన్నాడు.

ఫోనక్క నంబరు తీసి ఇచ్చింది గానీ చెయ్యనంది. వదినే చేసింది. ఒక ఆడమనిషి ఎత్తింది. వదిన ఎవరో చెప్పి, అప్పుడు మా బండి మీ ఇల్లు దాటిపోయింది, మాదే తప్పు, అంది.

"అవునమ్మా, రాలేదు. పక్క వీధివాళ్ళని బతిమాలి ఒకటి తెచ్చుకున్నాం" అంది ఆవిడ.

"మరి ఇప్పుడు... ఆ సిలిండరు వాడే మనిషి..." అని వదిన మొదలుపెట్టింది.

అవతలావిడకే అర్థమైనట్టుంది. "ఉండు, ఆయనకే ఇస్తాను" అంది.

ఫోను చేతులు మారిన చప్పుడు. మాటేమీ రాలేదు. ఒక ఊపిరి లోపలికి వెళ్ళింది, కాస్త ఆగింది, బయటికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. వదిన రిసీవరు చెవికి నొక్కిపెట్టుకుని అలాగే వింటూ నిలబడింది.