సీసా ఇవ్వకముందే తయారైన రిపోర్టు

1993. నల్గొండలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో నేను హెడ్ నర్సుని. పన్నెండు పడకలు, ఒక ఆపరేషన్ థియేటర్, నా నోరు. ఆ వీధిలో ఈ మూడూ తెలియనివాళ్ళు లేరు.

మందుల అల్మారా తాళంచెవి నా దగ్గరే ఉండేది. అందులో పెథిడిన్ అనే సూదిమందు ఉంటుంది. ఆపరేషన్ నొప్పికి ఇస్తాం, అలవాటైతే వదలదు. ఖాళీ ఆంప్యూల్, అంటే మందుండే చిన్న గాజుగొట్టం, తెచ్చి చూపిస్తేనే రిజిస్టర్లో సంతకం పెట్టేదాన్ని. అయినా మా నర్సు అనసూయ నా కళ్ళుగప్పింది. ఆపరేషన్ అయిన ఒక అవ్వకు డిస్టిల్డ్ వాటర్ సూది వేసి, మందు తను వేసుకుంది. "సూది ఏసినా నొప్పి తగ్గలే బిడ్డా" అని అవ్వ పొద్దంతా ఏడిస్తే అనుమానమొచ్చి నిలదీశాను. ఒప్పుకుంది. లాగి ఒక్కటిచ్చాను.

ఓనరు డాక్టరు దయతలిచానన్నాడు. ఉద్యోగం తీయకుండా, తన బామ్మర్ది ల్యాబులో 'మానిటరింగ్' పెట్టాడు. రెండేళ్ళపాటు ప్రతి సోమవారం మూత్రపరీక్ష. మత్తుమందు ఆనవాలు కనిపిస్తే ఉద్యోగంతోపాటు నర్సు రిజిస్ట్రేషన్ కూడా పోతుంది. ఫీజు ఆమె జీతంలో సగం. ఇదే పరీక్షకు వేరే దవాఖానల నుంచీ నర్సులు ఆ ల్యాబుకు వచ్చేవారు. అచ్చంపేట పిల్ల ఒకతి రెండు బస్సులు మారి వచ్చేది.

మోసం జరగకుండా బాత్రూం తలుపు తీసి ఉంచి, నేను ఎదురుగా నిలబడి చూడాలి. అనసూయ గోడవైపు మొహం తిప్పుకునేది. సీసా మీద 'నా ఎదుట ఇచ్చినది' అని రాసి సంతకం పెట్టేదాన్ని. ఇలా పద్నాలుగు నెలలు. ఆ పిల్లను బాగుచేస్తున్నాననే అనుకున్నాను.

ఒక సోమవారం సీసా తీసుకెళ్ళే మనిషి రాలేదు. నేనే సంచిలో పెట్టుకుని ల్యాబుకు వెళ్ళాను. నన్ను చూడగానే కౌంటరు గుమాస్తా కవరు చేతిలో పెట్టాడు.

"అనసూయ రిపోర్టే గద మేడం? తయారున్నది."

తారీఖు ఆ రోజుదే. సీసా ఇంకా నా సంచిలోనే ఉంది.

"పరీక్ష చెయ్యకుండ ఎట్ల రాసినవయ్యా?"

"గా పరీక్షకు మా తాన సామానే లేదు మేడం. నెల మొదట్లనే నాలుగు వారాలయి టైపు చేసి పెడతం. పైసలు కట్టినోళ్ళకు నెగెటివ్."

"కట్టనోళ్ళకు?"

అతను తల దించుకున్నాడు. "గా అచ్చంపేట పిల్ల రెండు వారాలు కట్టలే."

నాకు మతిపోయింది. ఆ పిల్లకు పాజిటివ్ వచ్చి ఉద్యోగం పోయిందని విన్నప్పుడు "మంచి శాస్తి జరిగింది" అని పదిమందిలో అన్నది నేనే.

వచ్చి అనసూయకు చెప్పాను.

"నాకెరుకే మేడం. మూడో నెలల ఒకపారి బయట కొని ఏసుకున్న. దొరికిపోతనని వారమంత వణికిన. నెగెటివ్ వచ్చింది. గప్పుడు సమజైంది."

"మరి మళ్ళ ఎందుకు ఏసుకోలే?"

"పట్టుకునేటోళ్ళు ఎవ్వరు లేరని తెలిసినంక భయమైంది మేడం. ఇగ నన్ను నేనే పట్టుకోవాలె గద."

ఓనరుకు చెబితే "నడిచేదాన్ని కెలకకమ్మా" అన్నాడు. తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. అనసూయ కూడా నాతోనే వచ్చేసింది.

అచ్చంపేట పిల్ల పేరు మణెమ్మ అని ఆ రోజే అనసూయ చెబితే తెలిసింది. ఇద్దరం అచ్చంపేటలో వాళ్ళింటికి వెళ్ళాం. వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. రిపోర్టు దొంగదని చెప్పాను.

"మా నాయిన ఇంక నాతోని మాట్లాడుతలేడు మేడం. గీ మాట జర ఆయన ముంగట చెప్పుండ్రి."

లోపలికి వెళ్ళి, నేనన్న మాటతో సహా ఆ పెద్దమనిషికి చెప్పాను.

ఇప్పుడు ఎవరి రిపోర్టు చేతికొచ్చినా ఎవరు చేశారు, దేంతో చేశారు అని అడిగాకే నమ్ముతాను. అడిగే నోరు నాకు అప్పుడూ ఉంది. మణెమ్మ కోసం మాత్రం తెరవలేదు.