హబీబ్ గారి ఆరు ఊళ్ళ రాజ్యం

రెండు వేల ఆరో సంవత్సరం చలికాలంలో, ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే హబీబ్‌కి యాభై రెండేళ్ళ వయసులో ఒక రాజ్యం చేతికొచ్చింది. ఆరు ఊళ్ళు, చుట్టూ అయిదుగురు శత్రువులు. రాజ్యాలు ఏలినవాళ్ళు ఆయన వంశంలో ఎవరూ లేరు. ఉన్నదల్లా ఉన్నితో ముళ్ళు వేసినవాళ్ళే. అందుకేనేమో, ఆ రాజ్యాన్ని ఆయన నెల తిరక్కుండా ఆరుసార్లు పోగొట్టుకున్నాడు.

అది ఇంట్లోకి వచ్చింది కూతురు నజ్నీన్ వల్ల. ఆ పిల్ల తాడేపల్లిగూడెంలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. పొద్దున్నే పాసింజరు ఎక్కాలి, భీమడోలు దాటేలోపు కూర్చోడానికి చోటు దొరికితే ఆ రోజు పండగే. సెంటర్లో వాళ్ళు వాడకుండా పక్కన పెట్టిన పాత కంప్యూటరొకటి తెచ్చి ముందుగది మూలన పెట్టుకుంది. అందులో ఎవరో వేసి ఉంచిన యుద్ధాల ఆట ఉంది. తెరిస్తే రెండు వేల రెండొందల ఏళ్ళ కిందటి లోకం, రంగురంగుల పటం.

ఒక మధ్యాహ్నం ఆ పటం చూసి హబీబ్ అక్కడే నిలబడిపోయాడు.

"మన పెద్దలు పర్షియా నుంచి వచ్చారని మా తాత చెప్పేవాడమ్మా. అదెక్కడుంది ఇందులో?"

నజ్నీన్ వేలు పెట్టి చూపించింది. "ఇదిగోండి నాన్నా, ఈ చుట్టుపక్కలే. కాకపోతే అప్పట్లో ఇదంతా ఈ బూడిదరంగు వాళ్ళది. సెల్యూసిడ్లని, గ్రీకు రాజులు. పక్కన ఊదారంగు వాళ్ళు పార్థియన్లు. వాళ్ళూ అక్కడివాళ్ళే."

"మరి మనవాళ్ళెవరు?"

"అప్పటికి మనవాళ్ళు లేరు నాన్నా."

"లేకపోతే మనం ఎక్కణ్ణుంచి వచ్చాం?"

దీనికి జవాబు ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు. నజ్నీన్ నవ్వేసి, "ఆడితే వేరేవాళ్ళని తీసుకోండి. ఈ సెల్యూసిడ్లతో ఎవరూ నెగ్గలేరు. అందరికన్నా కష్టం వీళ్ళే" అంది. హబీబ్ వాళ్ళనే తీసుకున్నాడు. పార్థియన్లతో యుద్ధం వచ్చినప్పుడల్లా మాత్రం, కొడుతున్నది సొంత ముత్తాతనేమోనని ఆయన చెయ్యి తడబడేది.

ఇక ఆ కంప్యూటరుకి మూడడుగుల వెనక మగ్గం ఉంది. తాత నిలబెట్టిన మగ్గం, తొమ్మిదడుగుల వెడల్పు, పైనా కిందా రెండు టేకు దూలాలు. ముందు ఒక బల్ల. ఆ బల్ల మీద కుడిపక్క హబీబ్, ఎడమపక్క ఆయన భార్య కుల్సుమ్, ముప్ఫై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని నేశారు. డిజైను కాగితం హబీబ్ ముందుండేది. చూసి ఆయన పలికేవాడు, "రెండు ఎరుపు, ఒకటి నీలం" అని. కుల్సుమ్ అదే మాట తిరిగి పలికి ముడి వేసేది. తిరిగి పలకందే ముడి పడకూడదు. ఇద్దరిలో ఎవరూ పొరపాటు పడకుండా పెద్దలు పెట్టిన పద్ధతి అది. వరస ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నిండాక పేక తోసి, ఇనప దువ్వెనతో దిగగొట్టి, అప్పుడు పై వరసకి వెళ్ళేవారు.

కిందటేడు ఒక హోటలుకని మొదలుపెట్టిన పెద్ద తివాచీ నడుమెత్తు లేచేసరికి, మధ్యలో ఉండే ఏజెంటు వచ్చి, "ఆపేయండి, వాళ్ళు మిషను తివాచీలు తెప్పించుకున్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. హబీబ్ ఆ రోజు బల్ల దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. సగం నేసిన దాని మీద పాత దుప్పటి కప్పి, పాత బస్టాండు దగ్గర ప్లాస్టిక్ చాపలమ్మే కొట్లో పనికి కుదిరాడు. మధ్యాహ్నం భోజనానికి వస్తే సాయంత్రందాకా కొట్టు తెరవరు. ఆ వేళంతా ఆయనది.

కుల్సుమ్ నెమ్మదస్తురాలే కాని ఎన్నాళ్ళని ఊరుకుంటుంది?

"ఏవండీ, ఆ మగ్గం సంగతి తేల్చండి. ఉంచితే ఎక్కి కూర్చోండి, లేదంటే తీసేయండి. దుప్పటి కప్పి పడుకోబెట్టడానికి అదేమన్నా జబ్బుమనిషా?"

"చూద్దాంలే" అనేవాడు హబీబ్. ఏడాదిలో ఎన్ని చూద్దాంలయ్యాయో ఆ గోడలకే తెలియాలి. ఈలోగా కామవరపుకోటలో ఉండే కుల్సుమ్ తమ్ముడు సాదిక్, మేకల పాక వేస్తున్నానని, ఆ దూలాలు తనకివ్వమని కబురు చేశాడు. రెండో శనివారం మర్నాడు, ఆదివారం, వడ్రంగిని తీసుకుని వస్తానన్నాడు. "మీరేమంటారు?" అని కుల్సుమ్ అడిగితే హబీబ్ నీళ్ళు నమిలి, "రానీ, చూద్దాం" అన్నాడు.

ఏమనాలో ఆయనకి నిజంగానే తెలియలేదు. మగ్గం పోతే తను చాపలమ్మే మనిషి, అంతే. ఉంచుకుంటే ఎవరి కోసం నేయాలి? రెండు వైపులా ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కిపోయాక, ఆ పెద్దమనిషి చిన్నపిల్లలు కూడా చేయని పని చేశాడు. తీర్పు ఆటకి వదిలేశాడు. ఆటలో తనూ శత్రువులూ తలా ఒక ఎత్తు వేస్తే ఒక వంతు. అలా యాభై వంతులు పూర్తయ్యేదాకా రాజ్యం నిలిస్తే మగ్గం ఉంటుంది, కూలితే సాదిక్ పట్టుకుపోతాడు. ఈ ఒట్టు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోడానికి సిగ్గేసింది.

మరి రాజ్యమా, ముప్ఫై వంతులు కూడా నిలిచేది కాదు. ఎలా నిలుస్తుంది? తివాచీలో ఒక పక్క ఎత్తుగా ఒక పక్క పల్లంగా లేపడం ఆయన చేతికి రాదు. ఆంటియోక్‌లో ఒక దళాన్ని చేర్చితే డమాస్కస్‌లోనూ ఒకటి, ఆ చివరనున్న సార్డిస్‌లోనూ ఒకటి. ఆరు ఊళ్ళకి ఆరు గోడలు, ఆరు పొలాలు. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. కింద నుంచి ఈజిప్టు వాళ్ళు రథాలేసుకుని వచ్చేవాళ్ళు, పై నుంచి పాంటస్ వాళ్ళు, ఆర్మీనియా వాళ్ళు. ఊళ్ళన్నీ ఒకదాని తర్వాత ఒకటి, పోవడంలో కూడా వరస తప్పకుండా పోయేవి. ఆయన తల పట్టుకుని కూర్చునేవాడు. చెవులకి తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో యుద్ధభేరీలు, వెనకెక్కడో దువ్వెన దెబ్బ. ఆ వీధిలో ఇంకా రెండు మూడిళ్ళలో మగ్గాలున్నాయి, ఆ చప్పుడు ఎప్పుడూ ఉండేదే.

రెండో శనివారం మధ్యాహ్నం నెల్సన్ వచ్చాడు. నజ్నీన్‌తో పాటు సెంటర్లో పాఠాలు చెబుతాడు, పెంటపాడు వాళ్ళు. కంప్యూటరు ఊరికే ఆగిపోతోందంటే చూడ్డానికి వచ్చి, బాగుచేశాక తెర మీద ఆగి ఉన్న ఆట చూశాడు.

"సెల్యూసిడ్లాండీ! ధైర్యమే అంకుల్." కాసేపు ఊరూరా తిరిగి చూసి, "తప్పెక్కడో చెప్పమంటారా? మీరు అందరికీ సమానంగా వడ్డిస్తున్నారండీ. ఇది పంక్తి భోజనం కాదు" అన్నాడు.

"మరేం చేయాలి బాబూ?"

"మొదటి వంతులోనే మొత్తం సైన్యాన్ని ఒకచోట చేర్చి ఈజిప్టు మీదకి వెళ్ళిపోవాలండీ, వాళ్ళింకా రథాలు తయారుచేసుకోకముందే. మిగతావాళ్ళ దగ్గరికి దూతల్ని పంపి సంధి అడగండి. ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకుంటారు. సార్డిస్ మాత్రం వదిలేయండి."

"వదిలేయడమంటే?"

"ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోతారండీ. దాన్ని పట్టుకుని కూర్చుంటే మిగతా అయిదూ పోతాయి."

"అందులో జనం ఉన్నారు కదా?"

"ఉంటారండీ... ఆటలో జనమే అనుకోండి."

టీ తెచ్చిన కుల్సుమ్ గుమ్మం దగ్గర ఆగి వింది. "అంటే ఒక పక్క ముందు లేపుకుని, రెండో పక్క తర్వాత చూసుకోవచ్చన్నమాట. అంతేనా బాబూ?"

"కరెక్టండీ ఆంటీ. మీకు అర్థమైపోయింది."

కుల్సుమ్ మొగుడి వంక ఒకసారి చూసి, చిన్నగా నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వెందుకో హబీబ్‌కి అర్థం కాలేదు. ఆ నెలలో ఆయనకి అర్థం కానివి చాలా ఉన్నాయి, వాటిలో అదొకటి.

నెల్సన్ వెళ్ళగానే ఏడోసారి మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం కొట్టుకి ఒంట్లో బాగోలేదని కబురంపాడు. చేతకాని చేతులతో ఊళ్ళన్నీ ఖాళీ చేసి సైన్యాన్ని ఒకచోటికి తోలాడు. సార్డిస్ నుంచి ఆఖరి దళం బయటికి వస్తుంటే పటం మీద ఆ ఊరు దిక్కూ మొక్కూ లేకుండా కనబడింది. ఎనిమిదో వంతులో పాంటస్ వాళ్ళు దాన్ని కైవసం చేసుకున్నారు. బొమ్మల ఊరు, పలకని ఊరు, అయినా హబీబ్‌కి కళ్ళు చెమర్చాయి. ఇలా వదిలేసి నెగ్గితే అది నెగ్గడమేనా?

కాని నెగ్గాడు. ఆదివారం పొద్దున్న టిఫిన్లయ్యేసరికి ఈజిప్టు కూలింది. యాభయ్యో వంతు పూర్తయ్యేటప్పటికి రాజ్యంలో తొమ్మిది ఊళ్ళున్నాయి. వాటిలో సార్డిస్ లేదు.

అక్కడే మళ్ళీ చిక్కొచ్చింది. ఒట్టు పెట్టుకున్నప్పుడు రాజ్యం నిలవాలనుకున్నాడు. ఇది ఆ రాజ్యమేనా?

"అమ్మా నజ్నీన్, ఒక ఊరు వదిలేసినా అది రాజ్యం నిలిచినట్టే కదా?"

తల దువ్వుకుంటున్న నజ్నీన్ వింతగా చూసింది. "నాన్నా, అది ఆట."

ఇంతలో వీధిలో ట్రాలీ ఆటో ఆగింది. సాదిక్ దిగాడు, వెనకాలే గునపం పట్టుకుని వడ్రంగి ఏడుకొండలు.

"ఏం బావగారూ, మొదలుపెట్టమంటారా?"

అందరూ హబీబ్ వంకే చూశారు. లేచి నిలబడ్డాడు. రాజ్యం నిలిచిందో కూలిందో ఆయన ఇంకా తేల్చుకోలేదు. నోరు మాత్రం తనంతట తనే తెరుచుకుంది.

"ఉంటుంది సాదిక్. మగ్గం ఉంటుంది."

"మొన్న రమ్మన్నారు కదండీ?"

"అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఇప్పుడెందుకు వద్దంటున్నానో అంతకన్నా తెలీదు. కామవరపుకోట నుంచి శ్రమపడి వచ్చావు, ఏమీ అనుకోకు."

సాదిక్ అక్కవైపు చూశాడు. కుల్సుమ్ మగ్గం దగ్గరికి వెళ్ళి పాత దుప్పటి అంచు పట్టుకుని లాగేసింది.

హబీబ్ చూశాడు, చూసింది నమ్మలేకపోయాడు. కుడిపక్క, తన పక్క, ఏడాది కింద వదిలినచోటే ఉంది. ఎడమపక్క జానెడు పైకి లేచింది. కొత్త ముళ్ళు. ఎరుపులో నీలం తీగ, తీగ చివర తెల్లటి పువ్వు, ఎక్కడా తప్పు లేదు. మధ్యకి వచ్చేసరికి ఒక్కో వరస ఒక్కో ముడి వెనక్కి తగ్గి, పేక అక్కడే మళ్ళి, మెట్లు కట్టినట్టు ఏటవాలుగా ఆగింది. అలా సగం సగం లేపడం తాతల నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ చేయలేదు.

"ఎప్పుడు నేశావిది?"

"మీరు యుద్ధాలు చేస్తున్నప్పుడు. మీ వెనకాలే."

మూడడుగుల వెనక. ఆ దువ్వెన దెబ్బ పక్కింటిది కాదు.

"ఎవరు పలికారు?"

"నేనే పలికాను, నేనే తిరిగి పలికాను" అంది కుల్సుమ్. "మీకు వినపడుతుందేమోనని మొదట్లో భయపడ్డాను. తర్వాత్తర్వాత, వినపడితే బాగుండునని గట్టిగానే పలికాను. మీకు వినపడలేదు."

సాదిక్ తల దించుకున్నాడు. ఏడుకొండలు గునపం నెమ్మదిగా గోడకి ఆనించాడు.

"మరి తీసేయమన్నావు కదా?"

"ఉంచితే ఎక్కి కూర్చోమని కూడా అన్నానండీ. ముందు అదే అన్నాను. రెండోదే పట్టుకున్నారు మీరు."

"అయినా ఇది ఎవరి కోసం? కొనేవాళ్ళే లేరు కదా?"

"అయ్యాక చూద్దాంలెండి."

తన మాట తనకే తిరిగొచ్చేసరికి హబీబ్‌కి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. ఏడాదిపాటు తన ఓటమి తను చూసుకున్నాడే కాని, ఈ మనిషి ఒంటిచేత్తో తన సగం నిలబెట్టుకుంటోందని ఎరగడు. వెళ్ళి బల్ల మీద కుడిపక్క కూర్చున్నాడు. కుల్సుమ్ వచ్చి ఎడమపక్క కూర్చుంది. ముడి వేశాక ఉన్ని కోసే కత్తి ఆయన చేతికిచ్చింది. డిజైను కాగితం ఇప్పుడు ఆమె ముందుంది. దాన్ని ఆయన అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

కాగితం మీద వేలు కిందికి, ఏడాది కిందటి వరస దగ్గరికి, జరిపింది కుల్సుమ్.

"రెండు ఎరుపు."

ఎరుపు ఉన్ని హబీబ్ చేతిలోనే ఉంది. తిరిగి పలకందే ముడి పడకూడదు. కుల్సుమ్ కాగితం మీది వేలు తీయకుండా, తొందరపెట్టకుండా అలాగే కూర్చుంది.

"రెండు ఎరుపు" అన్నాడు హబీబ్.