మేనేజరు గారు కడిగిన గ్లాసు

ఈ రోజు పొద్దున చంద్రపూర్ దగ్గర మా బొగ్గు గని ఆఫీసులో మేనేజరు గారు టీ తాగి, గ్లాసు తానే నల్లా దగ్గరికి తీసుకెళ్లి కడిగారు. అందరం పని ఆపి చూశాం.

ప్యూను పోశన్న మొహం పాలిపోయింది. గనిలో కాలు విరిగాక ఇచ్చిన తేలిక పని అతనిది. ఆఫీసర్లకు టీ ఇవ్వడం, వాళ్ల గ్లాసులు కడగడం.

“సార్, నాతోని ఏం గల్తీ అయింది? నన్ను మళ్ల గనిలకు దింపుతరా?”

“అరే, గట్లేం లేదు పోశన్నా. నీ పని యాడికీ పోదు. నిన్న ముంబైకెల్లి నాగపూర్‌కు కొత్త చౌక విమానంల వచ్చిన. ఆ విమాన కంపెనీ యజమాని గూడ అండ్లనే ఉండె. దిగే ముందు సీటు సీటుకు తిరిగి ఖాళీ కప్పులు ఆయనే ఏరిండు. నా చేతిలది గూడ తీస్కున్నడు. నాకు సిగ్గనిపించింది.”

పోశన్న తలూపాడు కానీ, ఖాళీ చేతులతో ఏం చేయాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మధ్యాహ్నం టీ అయ్యేసరికి ఆఫీసర్లంతా గ్లాసులు పట్టుకుని నల్లా దగ్గర వరుస కట్టారు. మేమెవరమూ చూడని ఆ విమానం యజమాని మా వాళ్లందరినీ కుర్చీల్లోంచి లేపాడు. ఒక్క మనిషి నడవడిక ఎంత దూరం వస్తుందో అనుకుంటూ నేనూ వరుసలో చేరాను.

టైపిస్టుగా చేరినప్పటి నుంచీ, పన్నెండేళ్లుగా నా గ్లాసు నేనే కడుక్కుంటున్నాను. వెనక నిలబడ్డ అకౌంటెంటు మెచ్చుకోలుగా అడిగాడు:

“మేడమ్, మీరు గూడ సార్‌ను చూసే మొదలుపెట్టిండ్రా?”

మీరైతే ఏం జవాబు చెప్పేవారు?