మంట తగ్గిన ఏడు

బోనాల ఆదివారం పొద్దున మా గల్లీలో ఒక వాసన లేస్తుంది. కడిగిన బండల మీద పసుపునీళ్లు, వాటిలో నలిగిన వేపాకు, ఎవరింట్లోనో పొంగుతున్న బెల్లపన్నం, అన్నీ కలిసిన వాసన అది. ఈ ఏడు కూడా నిండు బిందెతో గడప ముందు నిలబడ్డాను. తలమీద బోనం ఎత్తుకుని గుడికి పోయే ప్రతి ఆడమనిషి కాళ్ల మీద నీళ్లు పోయడం ఇక్కడి ఆనవాయితీ. ఆ నడకలో ఆమె అమ్మవారితో సమానం. డప్పుల చప్పుడు ఇంకా దూరంగానే ఉంది, ఆ వాసన మాత్రం ముందే వచ్చింది. దాంతోపాటు యాదమ్మక్క కూడా వచ్చి నా పక్కన నిలబడినట్టయింది.

యాదమ్మక్క మా పక్కింటి దర్జీ. గౌలిపురలో సగంమంది ఆడవాళ్ల జాకెట్లు ఆమె చేతిమీదుగా వచ్చినవే. మా ఆయనకు హైదరాబాదు ఆఫీసుకు బదిలీ అయి, గోదావరి జిల్లా నుంచి పెట్టెలు మోసుకుని ఇక్కడ దిగిన రోజున, మొదట పలకరించింది ఆమెనే. "ఏమండీ, ఇక్కడ మంచినీళ్లు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగాను. తొక్కుతున్న మిషను ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమండీ గీమండీ ఏంది పిల్లా? నేనేమన్న కలెక్టర్‌నా? అక్క అను సాలు. నల్లా పొద్దుగాల్నే వస్తది, నేనొచ్చి లేపుతా."

అన్నట్టే మర్నాడు తెల్లవారుతుండగా తలుపు విరిగేలా బాదింది. నెల తిరక్కముందే, "ఇంట్ల కూసోని గోడలు ఎన్నిసార్లు సూస్తవ్, దా" అని నన్ను మిషను ముందు కూర్చోబెట్టింది. భర్త పోయాక ఆ మిషను మీదే కూతురిని చదివించి అత్తారింటికి పంపిన మనిషి. కోపం ముక్కు మీదుండేది, నవ్వు దాని పక్కనే ఉండేది. నాకు కుట్టుపని నేర్పింది ఆమె. ఈరోజు నా పేరున చిన్న దుకాణం ఉందంటే ఆ చేతి చలవే.

కుట్టుపని కంటే ముందు ఆమెలో నన్ను పట్టుకున్నది వేరే గుణం. ఒకసారి ఓ కొత్త పెళ్లికూతురి పట్టు జాకెట్టుకు చంక దగ్గర కత్తెర పక్కకు పోయింది. అంచు ముక్క అతికిస్తే ఎవరికీ తెలియదని నేనన్నాను. ఆ పిల్ల రాగానే యాదమ్మక్క నోరు తెరిచి చెప్పిన మొదటి మాట, "బిడ్డా, నీ జాకిట్టు నా చేతుల కరాబైంది. ముక్క ఏసి సక్కగ చేస్త, కానీ కరాబైందని నీకు ఎరుక ఉండాలె." ఆ పిల్ల కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత తన చెల్లెళ్ల జాకెట్లు కూడా అక్కడికే తెచ్చింది. నాకైతే అప్పుడు ఆ నిజాయితీ కొంచెం అతిగానే అనిపించింది.

ఆమెకు చాలా ఏళ్లుగా షుగరుంది. బిళ్లలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేది, గుర్తురానప్పుడు చాయ్‌లో చక్కెర మానేసి సరిపెట్టుకునేది. మెల్లగా అరికాళ్లలో మంటలు మొదలయ్యాయి. "మిరపకాయలు నూరి పూసినట్టున్నదే" అనేది. కొన్నాళ్లకు సూదులు పొడుస్తున్నట్టు ఉందని, ఇంకొన్నాళ్లకు చీమలు పాకుతున్నట్టు ఉందని చెప్పేది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేసి, రెండు కాళ్లూ చల్లటి షాబాదు బండకు ఆనించి కళ్లు మూసుకునేది. పగలంతా బండల మీద గడిపేది, ముసురు పట్టిన రోజైతే వాకిట్లో కాళ్లు చాపుకుని వానలో కూర్చునేది.

ఇక వైద్యాల వేట మొదలైంది. తోడుగా నేను. బార్కస్‌లో ఒక హకీం నల్లటి లేహ్యం ఇచ్చాడు. అది నాలుక మీద పెట్టుకున్నాక కాళ్ల మంట మరిచిపోయేంత చేదు. ధూల్‌పేట్‌లో నరాలు లాగే ఒకాయన ఉండేవాడు. ఆయన బొటనవేలు పట్టి లాగితే యాదమ్మక్క పెట్టిన కేకకు గల్లీలో పిల్లలు మూగారు. కాళ్లు పెట్టుకుంటే గడగడ వణికించే యంత్రం ఒకటి ఊరికే చూపిస్తున్నారంటే, అక్కడికీ వెళ్లి వరుసలో కూర్చున్నాం. దిగాక, "మంట గట్లనే ఉన్నది గానీ కడుపుల తిన్నది మొత్తం అరిగింది" అంది. నవ్వలేక చచ్చాను. దారి పొడవునా ఇలాంటి మాటలే. నొప్పితో తిరుగుతున్న మనిషి పక్కన నడుస్తూ నేను అంత నవ్వుకున్నానంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

చివరికి కార్వాన్‌లో ఒక ముసలాయన ఆకుపచ్చ నూనె సీసా చేతిలో పెట్టి, "ఫికర్ నక్కో కరో అమ్మా, ఆరామ్ హో జాతా" అని ధైర్యం చెప్పాడు. రెండు పూటలా నేనే మర్దనా చేశాను. కొంతకాలానికి కుడికాలి మంట తగ్గింది, తర్వాత పూర్తిగా పోయింది. యాదమ్మక్క సంబరం అంతా ఇంతా కాదు. ఆ ముసలాయనకు మిఠాయి పెట్టె ఇచ్చి వచ్చింది. గల్లీలో మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు కూడా ఆ నూనే చెప్పింది, నేనూ వంత పాడాను. అప్పుడప్పుడు కుడికాలి చెప్పు దారిలోనే ఊడిపోయి ఉండేది, ఆమె మాత్రం నాలుగడుగులు ముందుకు పోయేది. "నా చెప్పు ఏడ ఇడిసిననో సూడే" అంటే, వయసు మీద పడుతోందని ఆటపట్టించేదాన్ని.

ఆ ఏడు బోనాలకు ఆమె ఉత్సాహంగా బోనమెత్తింది. మొక్కు ప్రకారం చెప్పుల్లేని కాళ్లు, పాదాల నిండా పసుపు. మా గడప ముందుకు రాగానే బిందె వంచి నీళ్లు పోశాను. పసుపునీళ్లు ఎర్రగా పారాయి. ఆమె అడుగెత్తినప్పుడు చూస్తే కుడి అరికాల్లో షామియానా మేకు ఒకటి దిగి ఉంది. ఎక్కడ గుచ్చుకుందో, ఎంత దూరం నడిచిందో! ఆమె మొఖంలో చిన్న ముడత కూడా లేదు. "అమ్మవారు పూనింది, నొప్పి తెలుస్తలేదు సూడుర్రి" అని ఎవరో అరిచారు. అంతే, జనం ఆమె కాళ్ల మీద పడ్డారు. ఒక ముసలావిడ ఆ ఎర్రనీళ్లు వేలితో తీసి బొట్టు పెట్టుకుంది. డప్పులు రెచ్చిపోయాయి. యాదమ్మక్క కళ్లు మెరిశాయి. అబద్ధమెందుకు, నా ఒళ్లు కూడా జలదరించింది.

బోనం దించి ఇంటికొచ్చాక మేకు తీసి కట్టు కట్టాను. "సురుక్కన్నదా అంటే లేదు. అంత అమ్మ దయ" అంది. అని, నా వైపు కొంచెం నిష్ఠూరంగా చూసింది. "గానీ ఈసారి నువ్వు నా కాళ్లకు నీళ్లెందుకు పొయ్యలేదే? అలిగినవా?"

"పోశానక్కా. కుడికాలి మీద బిందెడు కుమ్మరించాను."

ఆమె తన కాలినే చూసింది. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, కట్టు తడవకుండా వేళ్లు ముందుకు చాచి, "మళ్లా పొయ్" అంది. చెంబుతో పోశాను. ఆమె కళ్లు మూసుకునే ఎదురు చూసింది. "పొయ్యవేందే?" అని అడిగేసరికి చెంబు ఖాళీ అయింది.

బయట జనం అప్పటికే గుమిగూడారు. కొబ్బరికాయలు, గాజులు, ఒడిబియ్యం పట్టుకుని ఆమె దీవెన కోసం వచ్చారు. అటువంటి గౌరవం ఆమెకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. నోరు మూసుకుని లోపల కూర్చుంటే చాలు, ఆ రోజునుంచి గల్లీకి ఆమె దేవత. యాదమ్మక్క నా భుజం పట్టుకుని గడపలోకి వచ్చి నిలబడింది.

"అమ్మవారు రాలే. షుగర్ వచ్చింది. నా కాలుకు సోయి లేదు. మొక్కుడు బందువెట్టి ఒక ఆటో పిలువుర్రి."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమెను కళ్లు మూసుకోమని, సన్నని తీగలాంటిది అరికాలికి ఆనించి, "ఇక్కడ తెలుస్తోందా?" అని అడుగుతూ పోయింది. కుడికాలంతా జవాబు లేదు. "మంట తగ్గింది నూనెతో కాదమ్మా. నరం మొద్దుబారింది. పోయిన స్పర్శ మళ్లీ రాకపోవచ్చు. షుగర్ అదుపులో పెట్టుకుని ఉన్నది కాపాడుకోవాలి." మేకు చేసిన పుండు మెల్లగా చీము పట్టింది. కాలు దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనని డాక్టరమ్మ అన్న రోజు, యాదమ్మక్క నా చెయ్యి పట్టుకుని మొదటిసారి ఏడ్చింది. "కాలు పోతే మిషను ఎట్ల తొక్కాలె పిల్లా?" నేనూ ఏడ్చాను.

ఆషాఢం పోయి దసరా దాకా కట్లు, సూదులు, పథ్యాలు నడిచాయి. దేవుడి దయో, డాక్టరమ్మ పుణ్యమో, ఆమె మొండితనమో, పుండు మానింది. ఎడమకాలికి మాత్రం మంట మిగిలింది. బిళ్లలతో అదీ సగానికి వచ్చింది. మిగతా సగం సంగతేమిటక్కా అంటే, "ఉండనియ్యవే. కాలు ఉన్నదని సెప్తున్నది" అని మిషను ముందు కూర్చుంది.

మరుసటి ఏడు ఆషాఢానికి లొల్లి మొదలైంది. ఉత్త కాళ్లతో అడుగు వేయొద్దని డాక్టరమ్మ, చెప్పులతో బోనమేందని గల్లీ పెద్దలు. యాదమ్మక్క మెత్తటి అట్టలున్న బూట్లు తెచ్చి, వాటికి పసుపు గుడ్డతో తొడుగులు కుట్టింది. ఒక పెద్దాయన అడ్డొస్తే, "అమ్మ నా నెత్తి మీద కూసుంటది, నా చెప్పులల్ల కాదు" అంది. ఆయనకు నవ్వొచ్చింది, నవ్వాక ఇక ఏమంటాడు? మా గడప ముందు ఆ పసుపు బూట్ల మీద నీళ్లు పోశాను. ఆమె మెడ కదపకుండా కళ్లు మాత్రం కిందికి దించి, "పోసినవ్ పిల్లా, సూసిన" అంది.

ఆ తర్వాత చాలా బోనాలు ఎత్తింది. ఒక మధ్యాహ్నం మిషను పక్కనే కునుకు తీస్తూ గుండె ఆగి వెళ్లిపోయింది. రెండు కాళ్లతో వెళ్లింది. ఆఖరి స్నానం చేయించినప్పుడు ఆ పాదాలను నేనే కడిగాను.

ఇప్పుడు మా ఆయనకు షుగరు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆయన కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని అరికాళ్లు, వేళ్ల సందులు వెతుకుతాను. మొదట్లో సిగ్గుపడేవారు, ఇప్పుడు పేపరు చదువుకుంటూ కాళ్లు చాపేస్తారు. అంతా చూశాక, ఆయన చూడకుండా చూపుడువేలి గోటితో అరికాలి మధ్యలో ఒక గీత గీస్తాను. "అబ్బా, చక్కిలిగిలి!" అని ఆయన గభాలున కాలు లాక్కుంటారు, పేపరు కింద పడుతుంది, నన్ను తిడతారు. తిట్టనిస్తాను. ఆ కాలు అలా లాక్కున్నన్నాళ్లూ నా ప్రాణం హాయిగా ఉంటుంది.