తాత సమాధికి సున్నం

సున్నం బకెట్టు కడిగి మూడు రోజులైంది, గోళ్ల సందుల్లో ఆ వాసన ఇంకా పోలేదు. ఏటా సమాధుల పండక్కి మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరుకు ఒక్కదాన్నే పోయి, మూడు సమాధులకు సున్నం కొట్టి వస్తాను. అరవై దాటినాయి, వంగితే లేవలేను. ఎవరికీ పట్టనిది నాకెందుకీ తిప్పలని ప్రతిసారీ నన్ను నేనే తిట్టుకుంటాను. అయినా ఈ వాసన తగిలితే చాలు, అవ్వ ఇంటి వాకిలే కళ్లముందుకొస్తుంది.

మా కథోలికుల ఇళ్లలో నవంబరు మొదట్లో వచ్చే పండగ అది. క్రిస్మసుకు ఎవరి ఊళ్లో వాళ్లుంటే ఉండొచ్చు గానీ, పోయినోళ్ల పండక్కి రాకుంటే అవ్వ ఊరుకునేది కాదు. మదనపల్లె నుంచి నాయన, అమ్మ, నేను. కుప్పం నుంచి రైల్వేలో పనిచేసే చిన్నాయన, పిన్నమ్మ, వాళ్ల పిల్లలు. ముందురోజు వాకిట్లో పెద్ద కుండలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే బుసబుసమని ఉడికేవి. అందులోకి చిటికెడు నీలిమందు, పక్కన కిత్తనార కుంచెలు. పొయ్యి మీద అప్పుడే పెరికిన చెనక్కాయలు ఉప్పునీళ్లలో ఉడుకుతుంటే, అవ్వ రేపటి కోడికూరకు మసాలా నూరుకుంటూ, జపమాల చెప్పినట్టే పోయినోళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకునేది. మా పిల్లల ధ్యాసంతా కొవ్వొత్తుల మీదే. సమాధుల మీద కారిన మైనం గీరి ఉండలు చుట్టి, ఎవరి ఉండ పెద్దదని కొట్లాడుకునేవాళ్లం.

తాత నేను పుట్టకముందే పోయాడు. ఆయన సమాధంటే మెత్తిన మట్టి దిబ్బ, నెత్తిన కొయ్య సిలువ, అంతే. "నేను పోతే మీ నాయన పక్కనే పెట్టండప్పా" అని అవ్వ ఏటా ఆ దిబ్బ దగ్గరే కొడుకులిద్దరికీ చెప్పేది. ఒక ఏడాది వానలు దంచికొట్టి దిబ్బలు కరిగిపోయాయి, చెదలు పట్టిన సిలువలు కొట్టుకుపోయాయి. మేం పోయేసరికి కానగచెట్టు కింద, మనిషి పట్టేంత ఎడంలో రెండు దిబ్బలు మిగిలాయి. నాయన ఎడమదానికి కుంచె ఆనించాడు.

"అది కాదన్నా, ఇదీ," అన్నాడు చిన్నాయన రెండోదాన్ని చూపిస్తూ.

"నాకు తెలీదా? పెట్టె మోసినోణ్ణి నేను."

"గుంత తవ్వినోణ్ణి నేను!"

మాటకు మాట పెరిగింది. కుప్పం చేరినోడివి, ఈడి సంగతులు నీకెందుకని నాయన అనకూడని మాట అనేశాడు. చిన్నాయన కుంచె విసిరికొట్టి, "ఇంగ ఈ ఊరికి నేనొస్తే సూడు," అని పిల్లల చేతులు పట్టుకుని గేటు వైపు నడిచాడు. పిన్నమ్మ ఏడుపు. చర్చి సాములోరు మంత్రించిన నీళ్లు చల్లుకుంటూ వరసలో మా దాకా వచ్చేస్తున్నారు. చిన్నాయన ఇట్లా పోతే మళ్లీ అందరం ఒక్కచోట కూచునేది ఎప్పుడు?

అవ్వ ఆ రెండు దిబ్బల మధ్య చతికిలబడింది.

"ఒరే, రాండిరా ఇద్దురూ! రెండింటికీ కొట్టండి సున్నం. నేను పోతే ఈడ, ఈ నడాన పెట్టండి. మీ నాయన యాపక్కనుండినా నా పక్కనే గదప్పా!"

చిన్నాయన ఆగాడు. వెనక్కొచ్చి, విసిరికొట్టిన కుంచె ఎత్తుకున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే సంగటి తిన్నారు; రెండో ముద్దకు నాయన తన గిన్నెలోంచి కందనకాయ తీసి తమ్ముడి తట్టలో వేశాడు. అబ్బ, అప్పుడు గానీ అమ్మకు ఊపిరాడలేదు.

కొన్నేళ్లకు అవ్వను ఆమె అడిగిన చోటే పెట్టారు. నాయన మదనపల్లెలో, చిన్నాయన కుప్పంలో మట్టిలో కలిశారు. చిన్నాయన పిల్లలు బెంగళూరులో. "ఫోటో పెట్టక్కా" అంటారు, పెడతాను. కుండలో ఉడికే సున్నం లేదు, ప్యాకెట్టు చించి కలపడమే. మైనం ఉండల కోసం కొట్లాడే పిల్లలూ లేరు.

ఈసారి అవ్వదీ, ఎడమ దిబ్బా పూర్తయ్యేసరికి నడుం పట్టేసింది. మూడోదాని దగ్గర కూలబడ్డాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి ఇన్నేళ్లూ సున్నం కొట్టానే, అదొక్కటి మానుకుంటే ఎంత సుఖం! కానీ ఈ పక్కదా, ఆ పక్కదా, మానాల్సింది ఏదని ఎవరినడగను? గొణుక్కుంటూనే లేచి, కుంచె బకెట్టులో ముంచాను.