మంచినీళ్ళ ప్లాంటు మొండికేసిన వేసవి

వజ్రపుకొత్తూరు దగ్గర ఒక ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు ఉంది. దాన్ని నడిపే చిన్న కంప్యూటరు బోర్డు మా సంస్థది. పలాసలో ఉండి అలాంటి బోర్డుల మంచిచెడ్డలు చూడడం నా ఉద్యోగం. ఆ వేసవిలో అక్కడినుంచి ఒకటే ఫిర్యాదు. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి ప్లాంటు మొదలవడం లేదు. ఊళ్ళో కిడ్నీ జబ్బు లేని ఇల్లు తక్కువ. బోరు నీళ్ళంటే అందరికీ భయం. ఆపరేటరే కావాలని ఆపేసి ఇంటికి పోతున్నాడని ఊరంతా అనుకుంది. అతన్ని తీసేస్తామని ప్లాంటు కమిటీ పెద్ద ఫోనులో చెప్పాడు. నేను చూసేదాకా ఆగమని అడిగి బయల్దేరాను.

ఆటో దిగేసరికి ఖాళీ క్యాన్లు వరసలో ఉన్నాయి. ఆపరేటరు యాభై దాటిన మనిషి. అంతకుముందు జీడి ఫ్యాక్టరీలో చేసేవాడట, పొగ పడక మానేశాడట. కుర్చీ తుడిచి వేశాడు గానీ నా ముఖం చూడలేదు.

“ఒకోపాలి లెగుత్తాది, ఒకోపాలి లెగదమ్మా. నానేటి సేత్తన్నాను? మెయినేత్తన్నాను, అంతే.”

లాప్‌టాప్ బోర్డుకు కలిపి స్విచ్ వేయమన్నాను. ప్లాంటు చక్కగా మొదలైంది. ఆపరేటరు దొరికిపోయాడన్నట్టు బయట ఎవరో నవ్వారు. తీసి మళ్ళీ వేయమన్నాను. అలా కొన్నిసార్లు చేశాక ఒకసారి మొదలవకుండా ఆగిపోయింది. సున్నా నంబరు మెమరీలో రెండో భాగం కోసం చూస్తున్నానని తెరమీద కనిపించింది.

ఆ బోర్డులో మెమరీలు రెండు. బోర్డును నడిపే సిస్టమ్ ఉండేది బోర్డుకు అతికించిన చిప్‌లో, దాని రెండో భాగంలో. పంపు రీడింగులు దాచడానికి విడిగా ఒక కార్డు. ఏది ముందు దొరికితే దానికి సున్నా, తర్వాతదానికి ఒకటి. ఇదివరకు ఎప్పుడూ చిప్పే ముందు దొరికేది. మా హెడ్డాఫీసు నుంచి వచ్చిన కొత్త సాఫ్ట్‌వేరు రెండింటినీ ఒకేసారి వెతుకుతోంది. కార్డు ముందు తగిలిన రోజున సున్నా దానిదైపోయేది. కార్డులో రెండో భాగమే లేదు. లేనిదాని కోసం బోర్డు అలా కూచుండిపోయేది.

బోర్డు లేచేటప్పుడు చదివే ఆదేశంలో ఆ సున్నా నంబరు తీసేశాను. దాని బదులు, సిస్టమ్ ఉన్న భాగానికి మొదట్లోనే పడ్డ, ఏది ముందు దొరికినా మారని గుర్తు రాశాను. ఆపరేటరు చెయ్యి నొప్పెట్టేదాకా స్విచ్ తీసి వేశాడు. మధ్యలో కార్డు ముందు వచ్చినా ప్లాంటు నడిచింది.

అప్పటికి కమిటీ పెద్ద వచ్చాడు. క్యాన్ల దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేలా, తప్పు మా సాఫ్ట్‌వేరుదేనని చెప్పాను. ఆయన కాసేపు గెడ్డం గోక్కుని, “సర్లెండి, అతన్నే ఉండమందాం” అన్నాడు. క్షమించమని ఆయన అడగలేదు.

వరసలో ముందున్న ఒకామె మాత్రం కుళాయి కింద క్యాను పెడుతూ, “నానూ నోరు జారినాను బావా, మనసులో ఎట్టుకోకు” అంది.

“ఏటెట్టుకుంటాను గానీ, ముందు క్యాను సరిగ్గా ఎట్టు” అన్నాడతను.

పలాస వచ్చాక మిగతా ఊళ్ళ బోర్డులన్నిటిలోనూ అదే మార్పు చేశాను.