రాజమణిగారు నేర్పిన కోడింగ్

ఈ ఉదయం భవానీపూర్‌లో మెట్రో ఎక్కగానే పక్కావిడ దగ్గర నొప్పుల బామ్ వాసన ఘాటుగా కొట్టింది. వెంటనే రాజమణిగారు గుర్తొచ్చారు; ఆవిడ దగ్గరా ఎప్పుడూ ఇదే వాసన. మా ఆస్పత్రి కోడింగ్ విభాగానికి ఆవిడ పెద్ద. ఇక్కడే టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. ఆదివారం చర్చిలో పాటలు, మిగతా వారమంతా మా మీద పెత్తనం. రోగి ఫైలు చదివి, డాక్టరు రాసిన జబ్బుకు ప్రపంచమంతా వాడే కోడ్ వేయడం మా పని. బీమావాళ్లు చూసేది ఆ కోడ్‌నే.

కోడ్ వెతికే ముందు రోగి పరిస్థితిని ఇంటి భాషలో చెప్పాలని ఆవిడ పట్టు. బెంగాలీ పిల్లలు బెంగాలీలో, నేను తెలుగులో. చేరిన కొత్తలో ఒక ఫైలు చూసి గబగబా "మయోసైటిస్ అండీ" అన్నాను.

"అది పేరు. మనిషికి ఏటయింది?"

"కండరాలు వాచాయి."

"వాస్తే? ఏటి చెయ్యలేకపోతన్నాడు?"

మళ్లీ చదివాను. ముసలాయన గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు, ఏళ్లుగా మెల్లగా ముదిరింది. అది ఏ రకమో డాక్టరు ఆ కిందే రాశారు కూడా. చర్మానికీ పాకే రకం వేరు, కండరాలతో ఆగేది వేరు, పెద్ద వయసులో వచ్చే ఇది వేరు. దీని కోడ్ ఏకంగా నరాల జబ్బుల అధ్యాయంలో ఉంటుంది. కండరాల వాపులన్నీ ఒకే గాటన కట్టకూడదని ఆ రోజే నాకు తెలిసొచ్చింది.

కొన్నాళ్లకు అప్పలరాజు ఫైలు వచ్చింది. ఏక్‌బాల్‌పూర్ మనిషి, రేవులో వెల్డరు. చేయి భుజం దాటి లేచేది కాదు, కనురెప్పలు ఊదారంగుకు తిరిగాయి. డాక్టరుగారు మొదట 'కండరాల నీరసం' అని మాత్రమే రాశారు, మేమూ దానికి తగ్గ కోడే వేశాం. ఆ కోడ్ చూసి బీమావాళ్లు మందు ఖర్చు ఆపేశారు. అతని భార్య దేముడమ్మ మా గదికి వచ్చింది.

"మందు ఆగిపోనాదమ్మా. మా ఆయన ముద్ద మింగడం కూడా కట్టమౌతాదంతన్నారు. ఆ నంబరేదో మీరే మార్చీయండి."

ఫైలు తిరగేశాను. అన్నీ ఒకే జబ్బు వైపు చూపిస్తున్నాయి. కోడ్ మార్చబోయాను.

"నువ్వు డాక్టరువా?" అన్నారు రాజమణిగారు.

"కాదండీ. కానీ ఆవిడ ఏడుస్తోంది."

"అందుకే సరిగ్గా చెయ్యాలి. ఆయన రాయని జబ్బు మనం రాస్తే, రేపు అదే పట్టుకుని మందు పూర్తిగా ఆపేస్తారు. పద, అడుగుదాం."

నాకు ఒళ్లు మండింది. అయినా వెంట నడిచాను. ఓపీడీ గుమ్మంలో రాజమణిగారు డాక్టరుగారిని ఆపి, "ఈ నీరసానికి కారణం ఏమనుకుంటున్నారు?" అని బెంగాలీలో అడిగారు. జబ్బు పేరు మాత్రం తన నోట రానివ్వలేదు. పేరు మనమే అందిస్తే అది అడగడం కాదు, చెప్పించడం అనేవారు. డాక్టరుగారు ఈమధ్యే వచ్చిన కండరం పరీక్ష రిపోర్టు, చర్మం సంగతి అన్నీ చూసి 'డెర్మటోమయోసైటిస్' అని రాసి సంతకం పెట్టారు. చర్మమూ కండరాలూ కలిసి చెడే రకం అన్నమాట. ఆ కోడ్ వెళ్లాక మందుకు అనుమతి వచ్చింది.

కొన్ని నెలలకు అప్పలరాజు మా గదికి వచ్చి, చేతులు రెండూ తలకు పైగా ఎత్తి దణ్ణం పెట్టాడు.

"దించు నాయనా, నొప్పెడతాది" అన్నారు రాజమణిగారు. నేనైతే దాచుకోకుండా ఏడ్చేశాను.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ విభాగం నేనే చూస్తున్నాను. నిన్న ఒక కొత్తమ్మాయి ఫైలు పట్టుకుని, "మళ్లీ అడిగితే డాక్టరుగారు విసుక్కుంటారేమో దీదీ" అంది.

"విసుక్కోనీ. నేనూ వస్తాను, పద" అన్నాను.